బీపీ పెరిగింది, మరి గుండె పంపే రక్తం ఎందుకు తగ్గింది?

ప్రశ్న: సార్, నేను బీఫార్మసీ మూడో ఏడు చదువుతున్నాను. ఎలుకలకి ఎల్-నేమ్ అనే మందు ఇస్తే నైట్రిక్ ఆక్సైడ్ తయారీ ఆగిపోయి బీపీ పెరుగుతుందని క్లాసులో చెప్పారు. మా అమ్మకి ఎప్పుడూ లో బీపీనే, 90/60 ఉంటుంది, కూర్చుని లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటుంది. మరి ఇలాంటి మందు లో బీపీ వాళ్ళకి ఎందుకు ఇవ్వరు? ఇంకో డౌట్, అదే మందుతో బీపీ పెరిగినప్పుడు కార్డియాక్ అవుట్‌పుట్, అంటే గుండె నిమిషానికి పంపే రక్తం, తగ్గుతుందని పుస్తకంలో ఉంది. బీపీ పెరిగిందంటే గుండె ఇంకా గట్టిగా పనిచేస్తున్నట్టే కదా, తగ్గడమేంటి? చివరగా, మా నాన్నకి ఈమధ్య హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేశారు. నైట్రిక్ ఆక్సైడ్ పెరిగితే గుండెకి మంచిదని మా అన్నయ్య జిమ్ వాళ్ళు వాడే ఆర్జినిన్ పౌడర్ తెచ్చి రోజూ నాన్నకి కలిపి ఇస్తున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, నీ చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, మిగతావి నాలుగు రోజులు ఆగినా పర్లేదు కానీ ఇది ఆగకూడదు. ఆ పౌడర్ ఇవాళే ఆపించు. ఇన్నాళ్ళు ఇచ్చామని కంగారుపడాల్సిన పని లేదు, అలాగని డబ్బా అయిపోయేదాకా వాడేద్దాం అనుకోవద్దు. నాన్నగారిని చూసే కార్డియాలజిస్ట్‌కి ఇది వాడామని డబ్బాతో సహా చూపించండి. ఎందుకు ఆపమంటున్నానో కింద వివరంగా చెప్తాను, అది అర్థం కావాలంటే నీ మొదటి రెండు ప్రశ్నల మీదుగానే వెళ్ళాలి.

రక్తనాళం లోపలి గోడకి ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం అంటాం, నువ్వు చదివే ఉంటావు. 1980 దాకా దాన్ని ఉత్త అస్తరు లాగానే చూసేవాళ్ళు. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే ఆయన కుందేలు బృహద్ధమని ముక్కల మీద అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం వేస్తూ చూస్తుంటే, ఆ పొర చెక్కుచెదరకుండా ఉన్న ముక్కలు వదులవుతున్నాయి, పొర రాసుకుపోయిన ముక్కలేమో బిగుసుకుంటున్నాయి. అంటే వదులవ్వమని కండరానికి ఆ పొరే ఏదో పంపిస్తోందన్నమాట. అదేంటో తేలడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది, 1987లో ఇంగ్లండ్‌లో సాల్వడార్ మొంకాడా బృందం అది నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయువేనని చూపించింది, మరుసటి ఏడాది అది ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతుందని కూడా తేల్చింది. 1998లో ఫర్చ్‌గాట్‌తో పాటు లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకి నోబెల్ వచ్చింది. మొంకాడా పేరు అందులో లేకపోవడం అన్యాయమని చాలామంది అప్పుడే అన్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చూడు. రక్తం ఒరుసుకుంటూ పారుతుంటే ఆ ఒరిపిడికి ఎండోథీలియంలోని ఎంజైమ్ ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ చేస్తుంది, అది పక్కనే ఉన్న కండర కణంలోకి పాకి అక్కడ సందేశం మోసే సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని పెంచుతుంది, కండరం వదులవుతుంది, నాళం విచ్చుకుంటుంది. ఆ వాయువు బతికేది కొన్ని సెకన్లే, నిల్వ ఉండదు, కాబట్టి ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉండాలి. అందుకే ఎంజైమ్‌ని ఆపేస్తే ఫలితం నిమిషాల్లో కనబడుతుంది.

నీకు చెప్పిన ఎల్-నేమ్, దాని అన్న లాంటి ఎల్-ఎన్ఎంఎంఏ రెండూ ఆర్జినిన్ వేషంలో వెళ్ళి ఆ ఎంజైమ్ సీట్లో కూర్చుంటాయి. 1989లో లండన్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేతి ధమనిలోకి ఎల్-ఎన్ఎంఎంఏ కొద్దిగా ఎక్కిస్తే ముంజేతికి వెళ్ళే రక్తం దాదాపు సగానికి పడిపోయింది. నాకు ఈ ప్రయోగం చాలా ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే వాళ్ళకి ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడట్లేదు, ఊరికే పడుకుని ఉన్నారు, అయినా సగం పడిపోయిందంటే మనం ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా మన నాళాల్ని తెరిచి పట్టుకుని ఉంచేది ఈ వాయువేనని అర్థం. తర్వాత 1995లో ఆ ఎండోథీలియం ఎంజైమ్ జీన్ తీసేసిన చుంచెలుకల్ని తయారుచేస్తే వాటికి బీపీ ఎక్కువగా ఉందని తేలింది, కాబట్టి ఇది ఏదో మందు సైడ్ ఎఫెక్ట్ కాదు, అసలు వ్యవస్థే అలా ఉంది.

సరే, నీ అసలు డౌట్. బీపీ పెరిగితే గుండె గట్టిగా పనిచేస్తున్నట్టే కదా అన్నావు. చాలామంది, డాక్టరీ చదివేవాళ్ళు కూడా, ఇక్కడే పొరబడతారు. బీపీ అనేది రెండు అంకెల గుణకారం, గుండె నిమిషానికి పంపే రక్తం ఒకటి, నాళాలు చూపించే ఎదురు రెండోది. లెక్క వేసి చూడు, గుండె నిమిషానికి 5 లీటర్లు పంపుతోంది, ఎదురు 18 యూనిట్లు అనుకో, సగటు బీపీ 90. ఇప్పుడు నాళాలు బిగుసుకుని ఎదురు 25 అయింది, గుండె పంపేది 4 లీటర్లకి తగ్గింది అనుకో, బీపీ 100. మిషన్ చూసినవాళ్ళు బీపీ పెరిగింది అనుకుంటారు, కానీ ఒంట్లో కిడ్నీకి, మెదడుకి, పేగులకి అన్నిటికీ కలిపి వెళ్ళే రక్తం అయిదో వంతు తగ్గిపోయింది. చేలో బోరు మోటారు వేసి పైపు చివర వాల్వు సగం మూస్తే గేజ్ ముల్లు పైకి లేస్తుంది, మడికి పారే నీళ్ళు తగ్గుతాయి, మోటారు మీద మాత్రం లోడ్ పడుతుంది. అచ్చం అదే.

మనుషులకి ఎల్-ఎన్ఎంఎంఏ నరంలోకి ఎక్కించి చూసినప్పుడు కూడా ఇదే కనిపించింది, బీపీ పెరిగింది కొంచెం, నాళాల ఎదురు పెరిగింది చాలా, గుండె పంపేది తగ్గింది. ఎందుకు తగ్గింది అంటే ఒక్క కారణం కాదు. బీపీ పెరగగానే మెడలోనూ బృహద్ధమని వంపులోనూ ఉన్న సెన్సర్లు అది పసిగట్టి వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గిస్తాయి, ఇది మామూలు రిఫ్లెక్స్. దాంతోపాటు ఒంటికి రక్తం నెట్టే గుండె గది, ఎడమ జఠరిక, ప్రతి దెబ్బకీ ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టాలి, దీన్నే మీ పుస్తకంలో ఆఫ్టర్‌లోడ్ అంటారు, దాంతో ఒక్కో దెబ్బకి బయటికి వెళ్ళేది తగ్గుతుంది, గట్టి గుండె అయితే తట్టుకుంటుంది గానీ ముందే దెబ్బతిన్న గుండె తట్టుకోలేదు. మూడోది గుండె కండరానికే రక్తం అందించే కరోనరీ నాళాలు, అవీ నైట్రిక్ ఆక్సైడ్ మీదే ఆధారపడి ఉంటాయి. మీ ల్యాబ్‌లో విడిగా తీసిన గుండెని ఆడించే లాంగెన్‌డార్ఫ్ సెటప్ ఉంటే బయటికి తీసిన ఎలుక గుండెకి ఎల్-నేమ్ ఇచ్చి చూడండి, కరోనరీ ఫ్లో పడిపోవడం కళ్ళారా చూడొచ్చు. అంటే గుండెకి పని పెరిగిన సమయానికే దాని కూడు తగ్గుతోంది. ఊపిరితిత్తుల నాళాలు కూడా బిగుస్తాయి కాబట్టి వాటిలోకి రక్తం నెట్టే కుడి జఠరికకీ కష్టమే. ఇంకా, దెబ్బకీ దెబ్బకీ మధ్య గుండె కండరం వదులై రక్తం నింపుకోవడానికి నైట్రిక్ ఆక్సైడ్ సాయం చేస్తుంది, అది లేకపోతే ఆ నింపుకోవడం కాస్త కష్టమవుతుంది.

కండరం నొక్కే బలం మాటేంటి అని నీకు అనుమానం రావాలి. మామూలు గుండెలో దాని మీద నైట్రిక్ ఆక్సైడ్ నేరుగా చూపే ప్రభావం చిన్నదే. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళలో అయితే కరోనరీలోకి ఎల్-ఎన్ఎంఎంఏ ఇచ్చినప్పుడు గుండె బలం పెంచే డోబుటమిన్ అనే మందుకి గుండె స్పందన ఇంకా పెరిగింది కూడా. కాబట్టి నైట్రిక్ ఆక్సైడ్ ఆపితే గుండె కండరం బలహీనపడిపోతుంది అని పరీక్షలో రాసేయకు, అవుట్‌పుట్ తగ్గేది ముఖ్యంగా ఎదురు పెరగడం వల్ల, వేగం తగ్గడం వల్ల, గుండెకి రక్తం తగ్గడం వల్ల.

ఇది నిమిషాల లెక్క. వారాల తరబడి తాగే నీళ్ళలో ఎల్-నేమ్ కలిపి ఎలుకలకి ఇస్తే ఇంకో కథ నడుస్తుంది. బీపీ 160 దాటడం మామూలే, కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లు గట్టిపడి మూత్రంలో ప్రోటీన్ పోతుంది, గుండె గోడ మందం అవుతుంది, కండరం మధ్యలో నార పేరుకుంటుంది. బీపీని పెంచే రెనిన్ యాంజియోటెన్సిన్ హార్మోన్ల వ్యవస్థ కూడా ఇందులో చేయి వేస్తుంది, దాన్ని అడ్డుకునే లోసార్టాన్ లాంటి మందులిస్తే బీపీ, డ్యామేజీ రెండూ తగ్గడానికి కారణం అదే. 2019లో అమెరికాలో టెక్సాస్ పరిశోధకులు చుంచెలుకలకి కొవ్వు మేత, ఎల్-నేమ్ రెండూ కలిపి ఇచ్చి ఇంకో సంగతి చూపించారు, ఏ ఒక్కటి ఇచ్చినా అంత రాలేదు గానీ రెండూ కలిస్తే గుండె పంపు బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే లోపల బిగుసుకుపోయే రకం హార్ట్ ఫెయిల్యూర్ వచ్చింది. బొజ్జ, బీపీ రెండూ ఉన్నవాళ్ళలో ఎక్కువగా చూసేది ఈ రకాన్నే, ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఒక్కో దెబ్బకి గుండె బయటికి నెట్టే రక్తం శాతం, నార్మల్ అని వస్తుంది, మనిషికేమో నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఇక లో బీపీకి ఈ మందు ఎందుకు ఇవ్వరు అన్న ప్రశ్న. నిజానికి ఇచ్చి చూశారమ్మా, నువ్వు ఆలోచించినట్టే పెద్దపెద్దవాళ్ళు ఆలోచించారు, ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. సెప్టిక్ షాక్ తెలుసు కదా, ఇన్ఫెక్షన్ రక్తానికి ఎక్కి బీపీ కుప్పకూలడం. అందులో ఇంకో రకం ఎంజైమ్, ఇన్ఫెక్షన్ లాంటివి ప్రేరేపిస్తే పుట్టుకొచ్చే ఇండ్యూసిబుల్ రకం, విపరీతంగా నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి నాళాలన్నిటినీ వదిలేస్తుంది. మరి తయారీ ఆపేస్తే సరిపోతుంది కదా! చిన్న ట్రయల్స్‌లో ఎల్-ఎన్ఎంఎంఏతో బీపీ చక్కగా పెరిగింది, బీపీ నిలబెట్టడానికి ఎక్కించే నోరాడ్రినలిన్ డోసు తగ్గించగలిగారు, అందరికీ ఆశ పుట్టింది. తర్వాత 797 మంది పేషెంట్లతో పెద్ద ట్రయల్ పెట్టారు, ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. బీపీ పెరిగింది. కానీ 28 రోజులకి చనిపోయినవాళ్ళు మందు తీసుకున్న గుంపులో 59 శాతం, తీసుకోని గుంపులో 49 శాతం. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. మందు గుంపులో గుండె, రక్తనాళాల వల్ల పోయినవాళ్ళు ఎక్కువ, ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరగడం, గుండె ఫెయిల్ అవడం ఎక్కువ కనిపించాయి.

హార్ట్ ఎటాక్ తర్వాత గుండె సరిగ్గా పంపు చేయలేక వచ్చే కార్డియోజెనిక్ షాక్‌లో కూడా చూశారు. మొదట ఎల్-నేమ్‌తో 30 మందిలో చేసిన చిన్న ట్రయల్ అద్భుతంగా వచ్చింది, నెల రోజులకి మరణాలు 67 శాతం నుంచి 27 శాతానికి దిగాయి. తర్వాత ఎల్-ఎన్ఎంఎంఏతో 398 మందిలో చేసి 2007లో ఫలితాలు బయటపెడితే మందు గుంపులో 48 శాతం, మందు లేని ప్లాసిబో గుంపులో 42 శాతం, లాభం లేదని తేలి అదీ ఆపేశారు. ఎప్పుడైనా ఎవరైనా 30 మంది స్టడీ చూపించి మందు అమ్మబోతే ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకో.

నోరాడ్రినలిన్ కూడా నాళాల్ని బిగించేదే కదా, అది ఎలా పనికొస్తోంది అని నువ్వు అడగొచ్చు. అది గుండె మీద బీటా రిసెప్టార్ల ద్వారా కాస్త ఊతం కూడా ఇస్తుంది, ఇన్ఫ్యూజన్ ఆపితే నిమిషాల్లో దిగిపోతుంది కాబట్టి డోసు అటూ ఇటూ మార్చుకోవచ్చు. నైట్రిక్ ఆక్సైడ్‌ని టోకున ఆపితే మాత్రం చెడ్డ చోట ఎక్కువైనదే కాదు, కరోనరీలో, ఊపిరితిత్తుల్లో, సన్నటి కేశనాళికల దగ్గర అవసరమైనది కూడా పోతుంది. వాళ్ళంతా ఐసీయూలో ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు, మీ అమ్మగారు అలా కాదు, మరి అంత అవసరమున్న చోటే గట్టెక్కించని మందు ఇంట్లో తిరిగే మనిషికి ఎలా ఇస్తాం చెప్పు.

అమ్మగారి సంగతికి వద్దాం. సన్నగా ఉండే ఆడవాళ్ళకి 90/60 ఉండి ఏ ఇబ్బందీ లేకపోతే అది జబ్బు కాదు, వైద్యం అక్కర్లేదు. కానీ ఆమెకి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి ఊరుకోకూడదు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడు, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడు, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే అది డాక్టర్‌కి చూపించాల్సిన విషయం. నువ్వు బీఫార్మసీ అమ్మాయివి, ఇది నువ్వే చేయగలవు, రాసిపెట్టి తీసుకెళ్ళు. హిమోగ్లోబిన్ తప్పకుండా చూపించండి, మన ఇళ్ళల్లో అమ్మల కళ్ళు తిరగడానికి రక్తం తక్కువవ్వడం చాలా మామూలు కారణం, నెలసరి ఎక్కువగా అవుతున్నా చెప్పడానికి మొహమాటపడతారు. ఉపవాసాలు ఉంటారా, నీళ్ళు సరిగ్గా తాగుతారా, అందరికీ పెట్టి చివర్లో మిగిలింది తింటారా, ఇవన్నీ అడుగు. షుగర్, థైరాయిడ్, వాడే మాత్రల లిస్టు కూడా. ఉప్పు ఎక్కువ తినమని ఎవరో చెప్తారు, డాక్టర్ చెప్పేదాకా వద్దు. మరీ తీవ్రంగా ఉన్నవాళ్ళకి మిడోడ్రిన్, ఫ్లూడ్రోకార్టిసోన్ లాంటి మందులున్నాయి, అవి కారణం తేలాక డాక్టర్ రాయాల్సినవి. స్పృహ తప్పి పడిపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా, మలం నల్లగా వెళ్తున్నా అదే రోజు ఆసుపత్రికి.

ఇప్పుడు నాన్నగారి పౌడర్. మీ అన్నయ్య ప్రేమతోనే చేశాడు, ఆయన వేసుకున్న లెక్క కూడా తేలిక, ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది, ఆర్జినిన్ పోస్తే ఇంకా వస్తుంది. కానీ ఆ ఎంజైమ్ నిండడానికి కావలసినదానికంటే మన రక్తంలో ఆర్జినిన్ ముందే చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది, అది చాలక ఆగిన పని కాదు అది. దెబ్బతిన్న నాళంలో ఎంజైమ్‌కి తోడుండాల్సిన బయోప్టెరిన్ తగ్గిపోతే అదే ఎంజైమ్ నైట్రిక్ ఆక్సైడ్ బదులు సూపరాక్సైడ్ అనే హాని చేసేదాన్ని చేయడం మొదలుపెడుతుంది, అలాంటప్పుడు ముడిసరుకు పోయడం వల్ల మేలు జరుగుతుందన్న నమ్మకం లేదు. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని సరిగ్గా మీ నాన్నగారి లాంటి వాళ్ళలోనే పరీక్షించారు. హార్ట్ ఎటాక్ వచ్చిన 153 మందికి అమెరికాలో ఆరు నెలల పాటు మందులకి తోడుగా కొందరికి ఆర్జినిన్, కొందరికి ఉత్త పొడి ఇచ్చారు, 2006లో ఫలితాలు వచ్చాయి. గుండె పనితీరు ఏమీ మెరుగవలేదు, ఆర్జినిన్ తీసుకున్నవాళ్ళలో ఆరుగురు చనిపోయారు, రెండో గుంపులో ఒక్కరు కూడా లేరు. ట్రయల్ అక్కడితో ఆపి, ఎటాక్ వచ్చినవాళ్ళకి ఇది ఇవ్వొద్దని రాశారు. చిన్న ట్రయలే, ఆ మరణాలు యాదృచ్ఛికం కావచ్చు కూడా, కానీ లాభం లేదని తేలిన చోట ఆ మాత్రం రిస్క్ అయినా నాన్నగారి మీద ఎందుకు.

నైట్రిక్ ఆక్సైడ్ బాగా ఉండాలంటే ఆయన చేయగలిగేవి వేరే ఉన్నాయి. సిగరెట్ ఉంటే పూర్తిగా మానేయడం అన్నిటికంటే పెద్దది. డాక్టర్ చెప్పినంత నడక, నడిస్తే రక్తం ఒరిపిడి పెరిగి ఆ పొర తనంతట తానే తయారుచేస్తుంది. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లో నైట్రేట్ ఎక్కువ, అది నోట్లోని బ్యాక్టీరియా వల్ల నైట్రైట్‌గా మారి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, ఆర్జినిన్‌తో సంబంధం లేని ఇంకో దారి ఇది. రోజూ ఒక గ్లాసు బీట్‌రూట్ జ్యూస్ తాగిన హైబీపీ వాళ్ళకి నాలుగు వారాల్లో పై అంకె 7, 8 పాయింట్లు తగ్గినట్టు లండన్ ట్రయల్ ఒకటి ఉంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రోజూ పుక్కిలిస్తే ఆ బ్యాక్టీరియా చచ్చి బీపీ రెండు మూడు పాయింట్లు పెరిగినట్టు కూడా చూశారు, కాబట్టి డెంటిస్ట్ చెప్పినన్ని రోజులే వాడాలి. కిడ్నీ రిపోర్టు తేడాగా ఉంటే మాత్రం ఈ కూరలూ జ్యూసులూ ఎంతవరకో ముందు డాక్టర్‌ని అడగాలి, పొటాషియం పెరుగుతుంది.

ఇంకొక్క మాట, ఇది మీ అన్నయ్యే నాన్నతో మాట్లాడితే బాగుంటుంది. ఎటాక్ తర్వాత చాలామందికి నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్ ఇస్తారు, అది నేరుగా నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే మందు. అది వాడేవాళ్ళు మగవాళ్ళ అంగస్తంభన సమస్యకి ఇచ్చే సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి మాత్రలు అస్సలు వేసుకోకూడదు, రెండూ ఒకే సైక్లిక్ జీఎంపీని పెంచి బీపీని ప్రాణం మీదికి తెచ్చేలా పడేస్తాయి. మగతనం పెంచుతాయని అమ్మే సప్లిమెంట్లలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపిన సరుకు దొరికిందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చాలాసార్లు హెచ్చరించింది కూడా. కాబట్టి ఆర్జినిన్ ఒక్కటే కాదు, షాపుల్లో ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇచ్చే ఏ పౌడరైనా, ఏ క్యాప్సూలైనా కార్డియాలజిస్ట్‌కి చూపించాకే నాన్నగారి చేతికి ఇవ్వండి, స్టెంట్ కోసం రాసిన రక్తం పలచబడే మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు.